నల్లబోడు గంగక్క బొమ్మ ఎవరిది

పాయం పుల్లమ్మ తన తల్లి ముఖాన్ని మళ్లీ చూసింది దమ్మపేట బస్టాండు పక్కనున్న టీ హోటల్లో. 1985, ఎండలు అప్పుడే ముదురుతున్న మార్చి నెల. సంతలో చింతపండు అమ్ముకుని, బస్సు వచ్చేలోపు ఒక గుక్క టీ తాగుదామని లోపలికి వెళ్లింది. గల్లాపెట్టె వెనక గోడకు కొత్త క్యాలెండరు వేలాడుతోంది. పైన ఎరువుల కొట్టు పేరు, కింద తేదీలు, నడుమ ఒక పాత నలుపు తెలుపు ఫోటో. జొన్నచేను గట్టు మీద ఒక కోయ స్త్రీ నిలబడి ఉంది. చంకలో పసిబిడ్డ. బిడ్డ కదిలిపోయినట్టుంది, ముఖం చెదిరింది. తల్లి ఎడమ చెవి తమ్మె మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది, రెండుగా చీలి. వెనక, జొన్న కంకుల మీదుగా, రెండు మూపురాల గుట్ట.

పుల్లమ్మ చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేసి లేచింది.

"గోపాలూ, గా బొమ్మ ఏడికెల్లి వచ్చింది?"

"ఎరువుల కొట్టోళ్లు పంచిండ్రు. ఊళ్లె అందరికీ ఇచ్చిండ్రు. ఏంది, నీకు కావాల్నా?" అన్నాడు హోటలు గోపాలు.

"గామె మాయమ్మ."

గోపాలు నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఆమె గల్లాపెట్టె చుట్టూ తిరిగి వెళ్లి, మేకు నుంచి క్యాలెండరు తీసి, చుట్టి, చంకలో పెట్టుకుంది. అతను వద్దనలేదు. బస్సులో దారి పొడుగునా ఆమె దాన్ని మళ్లీ విప్పలేదు. పదిమంది ముందు విప్పి చూడబుద్ధి కాలేదు.

తల్లి గంగక్క జ్వరంతో పోయేనాటికి పుల్లమ్మ చిన్నపిల్ల. పెంచింది అమ్మమ్మ. గేదె కొమ్ముకు పోగు తగులుకుని గంగక్క చెవి ఎలా చీలిందో, రాజమంద్రం నుంచి బండి కట్టుకుని వచ్చిన ఒక దొర మూడు కాళ్ల పెట్టె ముందు ఆమెను ఎలా నిలబెట్టాడో, కదలొద్దని ఎంత చెప్పినా చంకలో పుల్లమ్మ ఎలా గిలగిలా కొట్టుకుందో అమ్మమ్మ ఎన్నోసార్లు చెప్పింది. అమ్మమ్మకు ప్యాంటు తొడిగిన వాళ్లందరూ దొరలే. ఆ కథలన్నీ పుల్లమ్మకు నోటికి వచ్చు. తల్లి ముఖం మాత్రం ఎంత తలచుకున్నా పొగ అవతల ఉన్నట్టే ఉండేది. ఇప్పుడు ఆ ముఖం ఎరువుల బస్తాల ప్రకటన కింద దొరికింది.

ఆ రోజుల్లో నల్లబోడు చుట్టుపక్కల పుల్లమ్మ అంటే తెలియనివాళ్లు లేరు. భర్త చిన్నవయసులోనే పోయాడు. ఇద్దరు కూతుళ్లను తునికాకు కోసి, ఇప్పపువ్వు ఏరి, కూలికి పోయి పెంచింది. ఒకసారి ఫారెస్టు గార్డు ఆమె గొడ్డలి లాక్కుని పోతే, వెనకాలే నడిచి వెళ్లి రేంజి ఆఫీసు గేటుకు అడ్డంగా కూర్చుంది. జీపు బయటికి తీయాలంటే ఆమె లేవాలి. ఆమె లేవాలంటే గొడ్డలి ఇవ్వాలి. చివరికి రేంజరే తెచ్చి చేతికిచ్చాడు. "ఇంక పోమ్మా," అన్నాడు. "రసీదు లేకుండ తీసుకపోయిండు గద, మళ్లా తియ్యనని చెప్పమను," అని గార్డుచేత ఆ మాట చెప్పించుకుని గానీ లేవలేదు.

ఊరికి వాగు అవతల రెండు మూపురాల గుట్ట కింద మంచి రేగడి చేలు ఉన్నాయి. పుల్లమ్మ చిన్ననాడు అవి కుంజా వాళ్లవి, అంటే ఆమె పుట్టింటివాళ్లవి. తర్వాత్తర్వాత కోస్తా నుంచి వచ్చిన ఆసాములు ఒక్కొక్క చెక్కే కలుపుకున్నారు. పత్తి వేశారు, పొగాకు వేశారు, మామిడి తోట పెట్టారు. ఏజెన్సీ భూములు గిరిజనులకే చెందాలని చట్టం గట్టిపడ్డాక నల్లబోడు గిరిజన సంఘం భద్రాచలంలో దావా వేసింది. ఆసాములు జవాబిచ్చారు: మేం రాకముందు అక్కడ పొదలు తప్ప ఏమీ లేదు, 1958లో మేమే నరికి, మేమే చదును చేసుకున్నాం, అంతకుముందు ఎవరూ నాగలి పెట్టలేదు. కాదని చూపించడానికి సంఘం దగ్గర ముసలివాళ్ల మాట తప్ప కాగితం ముక్క లేదు.

క్యాలెండరు విప్పి నేల మీద పరిచినప్పుడు ముందుగా గుట్టను గుర్తుపట్టింది పుల్లమ్మ తమ్ముడు సమ్మయ్య. అతను ఏడో తరగతి దాకా చదివాడు. సంఘం రాతకోతలు చూసేవాడు.

"అక్కా, ఇది వాగవతలి చేనే. అమ్మ నిలబడ్డది మామిడితోట ఉన్న జాగలనే."

"నువ్వు గుట్టను చూస్తున్నవ్. నేను అమ్మను చూస్తున్న," అంది పుల్లమ్మ. కాసేపటికి మళ్లీ తనే అంది. "రెండూ ఊరికి చూపిద్దాం."

కొత్తగూడెంలో ఒక చిన్న ప్రెస్సులో పోస్టరు వేయించారు. పైన గంగక్క ఫోటో. కింద పెద్ద అక్షరాల్లో ఒకే ప్రశ్న: ఈ చేను ఎవరు దున్నారు? దమ్మపేటలో, అశ్వారావుపేటలో, సత్తుపల్లి దాకా గోడలకు అంటించారు. జనం ఆగి చూశారు. కొంతమంది ఆసాములు కూడా ఆగి చూశారు.

వారం తిరక్కముందే నోటీసు వచ్చింది. దాన్ని పట్టుకుని అక్కాతమ్ముళ్లు కొత్తగూడెంలో హైమ దగ్గరికి వెళ్లారు. హైమ కుసుమంచి దగ్గర రైతు కుటుంబంలో పుట్టిన పిల్ల. వకీలు చదివి, కొత్తగూడెంలో ఒక చిన్న గది కిరాయికి తీసుకుని ప్రాక్టీసు పెట్టింది. సంఘం భూమి దావా చూస్తున్నది ఆమే.

నోటీసు ఇచ్చినవాడు ఖమ్మంలో పెద్ద ప్రెస్సు యజమాని వెంకటరామారావు. ఆ క్యాలెండరు అచ్చేసింది ఆయన ప్రెస్సే. 1952లో తన తండ్రి చెంచురామయ్య ప్రెస్సు ప్రారంభం సందర్భంగా వేసిన ప్రత్యేక సంచికలో ఈ ఫోటో మొట్టమొదటిసారి ప్రచురితమైందనీ, దాని మీద సర్వహక్కులూ తమవేననీ, 2002 దాకా తమ అనుమతి లేకుండా ఎవరూ ముద్రించరాదనీ, పోస్టర్లు వెంటనే తొలగించి తగలబెట్టకపోతే క్రిమినల్ కేసు పెడతామనీ అందులో ఉంది. కొత్తగూడెం ప్రెస్సుకూ అలాంటిదే వెళ్లింది. ఆ ప్రెస్సతను భయపడి మిగిలిన పోస్టర్లు లోపల పడేసి తాళం వేశాడు.

"ఇంకో మాట. మామిడితోట పెట్టిన ఆసామి ఈయన బావమరిది," అంది హైమ.

పుల్లమ్మ ఆ మాట దగ్గర ఆగలేదు. ఆమెకు ఇంకొకటి అర్థం కావాలి.

"వకీలమ్మా, బొమ్మ మాయమ్మది. చంకల ఉన్నది నేను. హక్కు ఆయినెకు ఎట్ల వచ్చింది?"

"ఫోటోలో ఉన్నవాళ్లకు హక్కు ఉండదు పెద్దమ్మా. తీసినోళ్లకు ఉంటది, లేదా వాళ్ల దగ్గర కొనుక్కున్నోళ్లకు. చట్టం గట్లనే ఉంది."

"ఎప్పటిదాకా?"

"మొదటిసారి అచ్చయిన సంవత్సరం అయిపోయి, మరుసటేడు మొదలుకొని యాభై ఏండ్లు. గా యాభై ఏండ్లు దాటితే ఇంక ఎవరి సొంతమూ కాదు. ఎవరైనా వేసుకోవచ్చు."

"అంటే గాయిన చెప్పినట్టు రెండువేల రెండు దాకనా?" అన్నాడు సమ్మయ్య.

"యాభై రెండులోనే మొదటిసారి అచ్చయింది నిజమైతే, అవ్." హైమ పెన్ను పక్కన పెట్టింది. "పెద్దమ్మా, నా మాట విను. మన అసలు కొట్లాట భూమి గురించి. ఫోటో తీసేసి వేరే పోస్టరు వేసుకుందాం. కోర్టులో ఫోటోను సాక్ష్యంగా చూపించుకోవచ్చు, దానికి ఈయన అడ్డం రాలేడు. అనవసరంగా రెండో కేసు నెత్తిన పెట్టుకోవడం ఎందుకు?"

"తగలబెట్టమని రాసిండా లేదా అందుల?"

"రాసిండు."

"మాయమ్మను ఒకసారి తగలబెట్టినం. మళ్లా పెట్టం," అంది పుల్లమ్మ. "గాయిన దగ్గరికి పోదాం. మొదట అచ్చేసింది మీ నాయినేనా అని అడుగుదాం."

హైమ నోటీసు మడిచి సంచిలో పెట్టుకుంది.

ఖమ్మం ప్రెస్సులో వెంకటరామారావు వాళ్లను మర్యాదగానే కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతికి సిరా మరక అంటని యజమాని. పుల్లమ్మ టీ ముట్టుకోలేదు. నల్లబోడులో ఇలాంటి వాళ్లను దొర అంటారు. ఆమె ఆ మాట వాడలేదు.

"ఆమె మీ అమ్మ అని నాకు తెలీదమ్మా. తెలిస్తే సంతోషించేవాణ్ణి," అన్నాడాయన. "మా నాన్నగారికి ఆ ఫోటో అంటే ప్రాణం. ఇదిగో, చూడండి."

అద్దాల బీరువా తీసి 1952 సంచిక బయటికి తీశాడు. లోపలి పేజీ మీద గంగక్క ఉంది. కింద కొత్తగా కూర్చిన అక్షరాలు: మన్యపు తల్లి. హైమ సంచికను కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. పుల్లమ్మ కూడా లేచి వెళ్లి పక్కన నిలబడింది.

"ఈ ఫోటో మీ నాన్నగారు తీశారా?" అడిగింది హైమ.

"కాదు, ఎవరో స్నేహితులు ఇచ్చారు."

"నెగెటివ్ ఉందా? ఆ రోజుల్లో అద్దం పలక ఉండాలి."

"ఎక్కడుంటుందమ్మా. ఎప్పుడో పోయి ఉంటుంది."

"ఆ స్నేహితులు రాసిచ్చిన కాగితం?"

వెంకటరామారావు ముఖంలో మర్యాద కొంచెం తగ్గింది. "ముప్పై మూడేళ్ల నాటి సంగతి. మొదట వేసింది మేము. అంతకుముందు ఎవరైనా వేశారంటే మీరు చూపించాలి. నేను కాదు." తర్వాత గొంతు తగ్గించి పుల్లమ్మ వైపు తిరిగాడు. "చూడమ్మా, గొడవెందుకు? మీ అమ్మగారి ఫోటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి నేనే ఇస్తాను. ఇంట్లో పెట్టుకో. ఆ చేను ప్రశ్న పక్కన వేయొద్దు, అంతే. భూమి గొడవ వేరు, ఫోటో వేరు."

"వేరైతే నువ్వు నోటీసు ఇయ్యకపోదువు," అంది పుల్లమ్మ. "ఎరువుల కొట్టుకు మాయమ్మను ఇచ్చినవ్, నాకేమో ఇంట్ల పెట్టుకోమంటున్నవ్. నీ ఫ్రేము నాకొద్దు."

"అయితే కోర్టులో చూసుకుందాం."

"చూసుకుందాం."

మెట్లు దిగి వీధిలోకి వచ్చాక హైమ నడక ఆపింది. ఆమె కళ్లల్లో ఉత్సాహం కనబడింది.

"పెద్దమ్మా, బొమ్మ కింది అంచు చూసినవా? గంగక్క కాళ్ల దగ్గర, సన్నగా, నల్లగా వరసగా గుర్తులు ఉన్నయ్."

"గడ్డి అనుకున్న."

"గడ్డి కాదు. తలకట్లు. తెలుగు అక్షరాల తలకట్లు. బొమ్మ కింద ఏదో వాక్యం ఉండె. వీళ్లు బొమ్మను కత్తిరించుకున్నప్పుడు అక్షరాల పై కొసలు మిగిలిపోయినయ్. అంటే వీళ్లు దీన్ని అచ్చయిన కాగితం మీద నుంచే తీసిండ్రు. అంతకుముందే తెలుగులో ఏదో పత్రిక వేసింది."

"ఏ పత్రిక?" అన్నాడు సమ్మయ్య.

"అదే తెలవాలె."

"రాజమంద్రం దొర అన్నది అమ్మమ్మ," అంది పుల్లమ్మ. "రాజమంద్రం పోదాం."

హైమకు కోర్టు వాయిదాలు ఉన్నాయి. ఏం చూడాలో, ఏం రాయించుకు రావాలో సమ్మయ్యకు వివరంగా చెప్పి పంపింది. అక్కాతమ్ముళ్లు అశ్వారావుపేటలో బస్సు ఎక్కి, జంగారెడ్డిగూడెం మీదుగా కొవ్వూరు చేరి, గోదావరి వంతెన దాటారు. రాజమండ్రిలో ఒక పాత గ్రంథాలయం చిరునామా హైమే ఇచ్చింది. అక్కడ పద్మావతమ్మ అని ఒకావిడ పాత పత్రికల గది చూసుకునేది. గట్టి మనిషి. సమ్మయ్య చెప్పిందంతా విని, పుల్లమ్మను పైనుంచి కిందికి చూసింది.

"ఆవిడకి చదువొచ్చా?"

"రాదు."

"మరి ఆవిడెందుకూ లోపలికి? పాత కాగితాలు బాబూ, తిప్పితే పొడుం రాలతాయి. నువ్వొక్కడివీ చూడు, ఆవిణ్ణి వరండాలో కూర్చోమను."

"నేను చదవనీకి రాలేదమ్మా," అంది పుల్లమ్మ. "మాయమ్మను ఎతుకనీకి వచ్చిన. తమ్ముడు పుట్టకముందు తీసిన బొమ్మ అది. ముఖం వీనికంటె నాకే ఎక్కువ ఎరుక. వరండాల కూసుంటే మాయమ్మ దొరకదు."

పద్మావతమ్మ ఆమెను చేతులు కడుక్కుని రమ్మంది. తర్వాత పేజీని పై మూల పట్టుకుని ఎలా తిప్పాలో తనే చేసి చూపించింది.

బొత్తులు బొత్తులుగా కట్టిన పాత మాసపత్రికలు. సమ్మయ్య అట్టలు చదివి, బొమ్మలు వేసే పత్రికలు ఏరి పెట్టాడు. పుల్లమ్మ పేజీలు తిప్పింది. మీసాల జమీందార్లు కనిపించారు. రథాలు, వరదలో మునిగిన ఊళ్లు, సబ్బుల ప్రకటనలు, కచేరీలు చేసే ఆడవాళ్లు కనిపించారు. ఒకచోట గోదావరి పడవల బొమ్మ చూసి కాసేపు ఆగింది, మళ్లీ తిప్పింది. మొదటిరోజు ఏమీ దొరకలేదు. సత్రంలో పడుకుని పొద్దున్నే గ్రంథాలయం తలుపు తీయకముందే వచ్చి నిలబడ్డారు. రెండోరోజు మధ్యాహ్నం సమ్మయ్య కునికిపాట్లు పడుతుంటే పుల్లమ్మ కోయ భాషలో మెల్లగా ఏదో అంది. అతను ఉలిక్కిపడి లేచాడు.

గంగక్క ఉంది. కానీ ఖమ్మం సంచికలో ఉన్నట్టు కాదు. ఇక్కడ కాగితం నునుపుగా ఉంది, బొమ్మ పెద్దగా ఉంది, కుడివైపు ఇంకా చాలా ఉంది. జొన్నచేను అటువైపు సాగిపోయి, దాని నడుమ ఒక మంచె, మంచె మీద వడిసెల చేతపట్టుకుని పిట్టల్ని తోలుతున్న పడుచువాడు ఉన్నాడు. ఖమ్మంలో ఆ సగాన్ని కత్తిరించేశారు.

"నాయిన," అంది పుల్లమ్మ. ఆమెకు తండ్రి ముసలి ముఖమే గుర్తు. ఇంత వయసులో చూడటం అదే మొదలు. ఆమె ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు అలాగే వంగి చూస్తూ ఉండిపోయింది. పద్మావతమ్మ తన కుర్చీ తెచ్చి ఆమె వెనక వేసింది.

"కింద ఏం రాసిండు? చదువు," అంది పుల్లమ్మ చివరికి.

"నల్లబోడు గూడెమున జొన్నచేని గట్టున కోయ వనిత, అని ఉంది."

"అమ్మ పేరు?"

"లేదక్కా."

"ఊరి పేరు రాసుకున్నడు. చేనును రాసుకున్నడు. మనిషిని పేరు అడగలేదు." ఆమె నిటారుగా కూర్చుంది. "ఎప్పటిది?"

అట్ట మీద శ్రీముఖ నామ సంవత్సరం, పుష్యమాసం అని ఉంది. ఇంగ్లీషు తేదీ లేదు. సమ్మయ్య అట్టను వెనకా ముందూ తిప్పి చూశాడు. హైమ అడిగింది సంవత్సరం. పద్మావతమ్మ పాత పంచాంగాల వరస లోంచి ఒకటి తీసి చూసింది.

"శ్రీముఖ అంటే ముప్పై మూడు ఉగాది నుంచి ముప్పై నాలుగు ఉగాది దాకా. అందులో పుష్యం సగం డిసెంబరులో, సగం జనవరిలో పడింది. ముప్పై మూడో ముప్పై నాలుగో గట్టిగా చెప్పలేను."

"పర్వాలేదు," అన్నాడు సమ్మయ్య వేళ్ల మీద లెక్క వేసుకుని. అతని ముఖం మెల్లగా వెలిగింది. "ముప్పై మూడైతే ఎనభై మూడుతో తీరిపోయింది. ముప్పై నాలుగైతే ఎనభై నాలుగుతో. ఇప్పుడు ఎనభై ఐదు. ఏ లెక్కన చూసినా నిరుటికే అయిపోయిందక్కా. గాయిన నోటీసు పంపేనాటికే ఇది ఎవరి సొంతమూ కాదు."

పద్మావతమ్మ ఆ పేజీకీ, అట్టకూ జిరాక్సు తీయించి, గ్రంథాలయం ముద్ర వేసి, సంతకం పెట్టి ఇచ్చింది. వాకిట్లోకి వచ్చి సాగనంపింది. "మీ అమ్మగారి పేరేంటమ్మా?" అని అడిగింది. పుల్లమ్మ చెప్పింది.

హైమ ఆ కాగితాలు జతచేసి నోటీసుకు జవాబు రాసింది. కొత్తగూడెం ప్రెస్సు తాళం తీసింది. వెంకటరామారావు మళ్లీ కేసు మాట ఎత్తలేదు. కానీ భద్రాచలంలో భూమి దావా వాయిదా రోజున బావమరిదితో కలిసి వచ్చాడు. కోర్టు ఆవరణలో పుల్లమ్మ ఎదురుపడితే నవ్వాడు.

"మంచిదేనమ్మా. ఎవరి సొంతమూ కాదని మీరే తేల్చారు. ఎవరిదీ కానప్పుడు అందరిదీ. అందరిలో నేనూ ఉన్నాను. వచ్చే ఏడు కూడా వేసుకుంటాను. నన్ను ఎవరాపుతారు?"

పుల్లమ్మ హైమ వైపు చూసింది. "నిజమేనా?"

"నిజమే పెద్దమ్మా. మనకు ఎంత ఉందో ఆయనకూ అంతే ఉంది."

పుల్లమ్మకు ఆ మాట ముల్లులా దిగింది. ఇంత తిరిగి, ఇంత వెతికి, తల్లిని ఆ మనిషి చేతి నుంచి విడిపించి, మళ్లీ ఆయనకే దారి తెరిచినట్టయింది. ఆయన వైపు తిరిగింది.

"వేసుకో. నిన్ను ఆపను," అంది. "నువ్వు ఎన్ని వేస్తవో వెయ్యి. నువ్వు పేరు లేకుండ వేసిన కాడల్ల నేను పేరు రాస్త."

అన్నది చేసింది. సమ్మయ్య ముందు కూర్చుని తల్లి పేరు రాయడం నేర్చుకుంది. బడి ముఖం చూడని మనిషి, యాభై దాటాక, పలక మీద కుంజా గంగక్క, నల్లబోడు అని దిద్దింది. వేరే అక్షరాలు నేర్చుకుంటానంటే సమ్మయ్య సంతోషంగా నేర్పేవాడే. ఆమె అడగలేదు. ఆ పేరు చాలంది. సంత రోజుల్లో దమ్మపేటలో, కారేపల్లిలో చుట్టాలింటికి పోయినప్పుడు అక్కడ, ఎక్కడ ఆ క్యాలెండరు కనిపించినా అడిగి దింపించి, బొగ్గు ముక్కతోనో పెన్సిలుతోనో బొమ్మ కింద పేరు రాసి మళ్లీ తగిలించేది. కొందరు నవ్వారు. ఒక ఎరువుల కొట్టు గుమాస్తా క్యాలెండరు పాడుచేస్తున్నావని కసిరాడు. "కాగితం నీది. పేరు మాయమ్మది," అని రాసి వచ్చింది.

సంఘం రెండో పోస్టరు వేసింది. ఈసారి మంచె మీద తండ్రితో సహా మొత్తం ఫోటో, కింద ఇద్దరి పేర్లు, ఊరి పేరు, పత్రిక నెల. ఖమ్మం బస్టాండులో కూడా అంటించారు. మరుసటి ఏడు వెంకటరామారావు క్యాలెండరు మీద గులాబీల గుత్తి వచ్చింది.

భూమి దావా ఫోటో అంత తేలిగ్గా తెగలేదు. ముసలివాళ్లు సాక్ష్యం చెప్పారు. ఇద్దరు సాక్ష్యం చెప్పకముందే పోయారు. పత్రిక పేజీ కోర్టులో పెట్టినప్పుడు ఆసాముల వకీలు ఆ గుట్ట ఏ గుట్టైనా కావచ్చన్నాడు. హైమ పేజీ కింద అచ్చయిన ఊరి పేరు చదివి వినిపించింది. తర్వాత దావా వింటున్న అధికారి స్వయంగా వచ్చి, మామిడి తోటలో నిలబడి, కాగితాన్నీ గుట్టనూ మార్చి మార్చి చూశాడు. పుల్లమ్మ ఆయన పక్కనే నిలబడింది. తీర్పు సంఘానికి అనుకూలంగా వచ్చింది. దాని మీద అప్పీలు పడింది. మధ్యలో ఆసాములు రాజీకి మనుషుల్ని పంపారు. సంఘంలో కొందరు ఒప్పుకుందామన్నారు. పుల్లమ్మ ఒప్పుకోలేదు. చివరికి 1991లో వాగు అవతలి చేలలో సగం కుంజా వాళ్లకు తిరిగి దక్కింది. మిగతా సగం మీద వ్యాజ్యం నడుస్తూనే ఉంది. దక్కిన సగంలో మామిడి చెట్లు లేని చెక్క దున్ని జొన్న వేశారు.

రెండేళ్ల తర్వాత హైదరాబాదు నుంచి ఒక పరిశోధకుడు వచ్చాడు. మెడలో కెమెరా. కోయ గూడేల జీవితం మీద పుస్తకం రాస్తున్నానన్నాడు. చేలో కలుపు తీస్తున్న పుల్లమ్మను చూసి, అలాగే ఉండమ్మా, కదలకు అన్నాడు.

పుల్లమ్మ లేచి కొడవలి భుజాన వేసుకుంది.

"నీ పేరేంది?"

అతను చెప్పాడు.

"నా పేరు అడగలేదు నువ్వు."

అతను తడబడి జేబులోంచి పెన్ను తీశాడు. పాయం పుల్లమ్మ, నల్లబోడు అని చెప్పింది. రాసింది మళ్లీ చదివి వినిపించమంది. అతను చదివాడు. పుస్తకంలో బొమ్మ కింద ఈ పేరు ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాడు.

"ఉండకపోతే నేను పుస్తకం కాడికి వస్త," అంది. తర్వాత జొన్న మొక్కల మధ్యకు నడిచి, గుట్ట వెనక వచ్చేలా తనే చోటు చూసుకుని, కెమెరా వైపు తిరిగి నిలబడింది.